పంటికి కట్టు లేదు

(మన సంఘం పుత్తూరు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. గుండె గురించి, చక్కెర జబ్బు గురించి, మోకాళ్ళ గురించి ఇదివరకే డాక్టర్లు వచ్చి చెప్పి వెళ్ళారు. నేను డాక్టరును కాను. తాలూకాఫీసులో గుమాస్తాగా చేరి, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక కూడా అవే బల్లల దగ్గర, అవే బీరువాల మధ్య పనిచేసి రిటైరైన వాణ్ణి. కనుక ఒక రోగి తెలుసుకోవలసినంత మేరకు, ఒక గుమాస్తా రాసిపెట్టుకున్నంత మేరకు చెబుతాను. నేను ఎంచుకున్న విషయం పంటి నొప్పి. ఎవరైనా నవ్వితే నవ్వండి. నవ్వేటప్పుడు మనలో ఎవరికి ఎన్ని పళ్ళున్నాయో పక్కవారు లెక్కపెట్టుకుంటారు, అంతే.

మన ఊరి పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఎముకలు. మద్రాసులో, బెంగుళూరులో ఎన్ని వీధుల్లో 'పుత్తూరు కట్టు' అని బోర్డులున్నాయో మీకు తెలుసు. మన రాచపాళెంలో తరతరాలుగా వస్తున్న కట్టు కోసం మూడు రాష్ట్రాల నుంచి జనం వస్తారు. బస్టాండులో చేతికి వెదురు బద్దలతో కట్టు వేయించుకున్న మనిషి కనబడని రోజు లేదు. ఇవన్నీ చూస్తూ పెరిగినందువల్ల మన మనస్సులో ఒక నమ్మకం గట్టిగా నాటుకుంది. కదపకుండా ఉంచి, కొన్నాళ్ళు ఓర్చుకుంటే ఒళ్ళు తనంతట తానే అతుక్కుంటుందని.

ఎముక విషయంలో అది నిజమే. ఎముకలో రక్తం పారుతుంది, జీవకణాలుంటాయి, విరిగిన చోట కొత్త ఎముక పుడుతుంది. పన్ను చూడటానికి ఎముకలాగానే ఉంటుంది గాని ఎముక కాదు. పంటి పైపొర ఎనామెల్ మన ఒంట్లోకెల్లా గట్టి పదార్థం. అయితే అందులో రక్తం లేదు, జీవకణం లేదు. ఒకసారి గుంట పడిందంటే అది తనంతట తాను పూడదు. ఎంత ఓర్చుకున్నా పూడదు. పుచ్చిన పంటికి కట్టు లేదు. ఆలస్యం చేసినవారికి మిగిలేవి కట్టుడు పళ్ళే.

పన్ను లోపల ఏముందో ఒక్క మాటలో చెబుతాను. టెంకాయను తలచుకోండి. పైన చిప్ప, దాని లోపల కొబ్బరి, నడుమ నీళ్ళు. పంటికి చిప్పలాంటిది ఎనామెల్. కొబ్బరిలాంటిది డెంటిన్. నడుమ నీళ్ళున్నచోట మెత్తటి గుజ్జు ఉంటుంది. అందులోనే రక్తనాళాలు, నరాలు ఉంటాయి. ఆ గుజ్జు సన్నటి కాలువలుగా వేళ్ళ చివరిదాకా దిగి, అక్కడి నుంచి దవడ ఎముకలోకి కలుస్తుంది. ముందుపంటికి సాధారణంగా ఒక కాలువ, దవడ పంటికి మూడో నాలుగో ఉంటాయి. రూట్ కెనాల్ అంటే ఈ వేరు కాలువే.

వేలు వాచిందనుకోండి, ఉబ్బడానికి దానికి చోటుంది. పన్ను పుచ్చి, క్రిములు లోపలికి దిగి, ఆ గుజ్జు వాచిందంటే ఉబ్బడానికి చోటు లేదు. చుట్టూ గట్టి గోడ. అందుకే ఆ పోటు. పడుకుంటే తలవైపు రక్తపు ఒత్తిడి పెరుగుతుంది గనుక రాత్రివేళ సలుపు మరీ ఎక్కువవుతుంది. పగలంతా ఎట్లాగో గడిపినవాడు అర్ధరాత్రి వసారాలో దవడ పట్టుకుని తిరిగేది ఇందువల్లనే.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు సంగతికి వస్తాను. పంటి నొప్పికి కొన్ని మెట్లున్నాయి. చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమని, క్షణంలో తగ్గిపోతే అది మొదటి మెట్టు. అప్పుడు వెళితే చాలావరకు ఫిల్లింగుతో సరిపోతుంది. వేడి కాఫీకి లేచిన నొప్పి నిమిషాల తరబడి నిలిచిందంటే, లేదా ఏమీ తినకుండానే నిద్రలోంచి లేపిందంటే, గుజ్జు కోలుకోలేని స్థితికి వచ్చిందని అర్థం. అది రెండో మెట్టు. మూడో మెట్టు మోసకారిది. నాలుగైదు రోజులు చంపుకుతిన్న నొప్పి ఒక తెల్లవారుజామున ఉన్నట్టుండి ఆగిపోతుంది. మనం దేవుడికి దండం పెట్టుకుని, లవంగానికి, ఉప్పునీళ్ళకు మెచ్చుకోలు పత్రం ఇస్తాము. నిజానికి జరిగిందేమిటంటే లోపలి నరం చచ్చిపోయింది. చచ్చిన నరానికి నొప్పి తెలియదు. క్రిములు మాత్రం పనిమీదే ఉంటాయి, వేరు చివర దాటి ఎముకలోకి పోతాయి.

మన ఆఫీసు భాషలో చెప్పాలంటే నొప్పి అనేది ఫైలు మీద పెట్టిన ఎర్ర చీటీ. చీటీ ఊడి కిందపడినంత మాత్రాన ఫైలు డిస్పోజ్ అయినట్టు కాదు. లోపల కాగితం అట్లాగే ఉంటుంది. గడువు మాత్రం దాటిపోతూ ఉంటుంది.

ఈ మాట నేను వేడుకకు చెప్పడం లేదు. నాతోపాటు పక్క సీటులో ఏళ్ళ తరబడి పనిచేసిన మిత్రుడు ఒకాయన ఉండేవాడు. ఆయన పేరు ఇక్కడ చెప్పను, మీలో కొందరికి తెలిసే ఉంటుంది. చక్కెర జబ్బు ఉంది. కింది దవడ పన్ను పుచ్చి వారంరోజులు బాధపడ్డాడు. తర్వాత నొప్పి తగ్గింది. పెన్షన్ తీసుకోవడానికి బ్యాంకుకు వచ్చినప్పుడు 'తగ్గిపోయిందప్పా' అని నాతో సంతోషంగా చెప్పాడు. పది పన్నెండు రోజులకు దవడ కింద వాపు వచ్చింది. ఒక రాత్రిలో ఆ వాపు రెండువైపులా గొంతుకిందికి దిగింది. నోరు తెరవలేడు, ఉమ్మి మింగలేడు. తెల్లవారి 108లో తీసుకుపోయారు. అక్కడి డాక్టర్లు చేయగలిగినదంతా చేశారు. ఐదోరోజు పోయాడు. కర్మ రోజున ఆయన కూతురు నాతో అన్న మాట నాకు మరపు రాదు. 'మామా, పన్ను నొస్తోందని నాయన మాతో ఒక్కసారి కూడా చెప్పలేదు. పిల్లోడి కాలేజీ ఫీజు కట్టాల్సిన నెలని ఊరుకున్నాడంట' అని. ఒక పంటి కోసం మనిషి పోతాడా అని అడుగుతారు. పోతాడు. పంటి చీము నాలుక కిందికి, గొంతులోకి దిగే ఆ జబ్బును డాక్టర్లు లుడ్విగ్స్ యాంజైనా అంటారు. అది ఊపిరి దారిని మూసేస్తుంది.

కనుక ఇవి రాసిపెట్టుకోండి. పంటి నొప్పితోపాటు జ్వరం, దవడ కింద గాని మెడలో గాని వాపు, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం, ఊపిరి కష్టం కావడం – వీటిలో ఏది కనబడినా అది రేపటి పని కాదు. వెంటనే పెద్దాస్పత్రికి వెళ్ళాలి, 108కి ఫోన్ చేయాలి. ఇంకొకటి. పన్ను ఏదీ పుచ్చలేదు, నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో కింది దవడ నొప్పి వస్తోంది, చెమట పడుతోంది, ఛాతీ బరువుగా ఉంది అంటే అది గుండెది కావచ్చు. అప్పుడు పంటి డాక్టరు దగ్గర కాదు కూర్చోవలసింది.

మరి మనవాళ్ళు పంటి నొప్పికి ఏమేమి చేస్తారు? నశ్యం కూరతారు. జిల్లేడు పాలు పిండుతారు. చిగురు మీద ఆస్పిరిన్ బిళ్ళ పెట్టుకుంటారు. ఇవన్నీ చిగురును కాల్చి పుండు చేస్తాయి. చిన్నప్పుడు సంతలో వాకుడు గింజల పొగ పట్టించి 'పంటి పురుగు' రాలిందని చూపించేవాళ్ళు. పంటిలో అట్లాంటి పురుగు లేదు. ఫ్రాన్సు దేశపు పియర్ ఫోషార్డ్ అనే దంతవైద్యుడు 1728లోనే తన గ్రంథంలో ఆ నమ్మకాన్ని కాదన్నాడు. లవంగనూనె సంగతి వేరు. అందులోని యూజినాల్ నిజంగానే కాసేపు మొద్దుబారుస్తుంది, దంతవైద్యులు కూడా దాన్ని జింక్ ఆక్సైడుతో కలిపి వాడతారు. రాత్రి గడవడానికి లవంగం పనికొస్తుంది. అది తెల్లవారేదాకా ఉండే సత్రం మాత్రమే, సొంత ఇల్లు కాదు.

మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే బిళ్ళల మాట. డైక్లోఫినాక్ లాంటి నొప్పి బిళ్ళలు మన వయసులో కడుపుకు, మూత్రపిండాలకు, రక్తపోటుకు చెరుపు చేయగలవు. పారాసెటమాల్ సాధారణంగా నయం, అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే. ఇక యాంటీబయాటిక్స్. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1948లో ఆరియోమైసిన్ అనే గొప్ప మందును లోకానికిచ్చింది. అట్లాంటి మందులు ఎన్నో ప్రాణాలు నిలబెట్టాయి. కాని ఏ మందైనా రక్తంలో ప్రయాణం చేసి చేరవలసిందే గదా. గుజ్జు చచ్చిన పంటిలోకి రక్తం పోదు, మందూ పోదు. జ్వరం, వాపు ఉన్నప్పుడు డాక్టర్లు ఆ మందులు ఇస్తారు. చెడిన పంటిని శుభ్రం చేయడానికి మాత్రం మందు చాలదు, చెయ్యి పడాలి.

ఆ చెయ్యి చేసే పనే రూట్ కెనాల్ ట్రీట్‌మెంట్. భయపడేవారి కోసం వివరంగా చెబుతాను. ముందు ఎక్స్‌రే తీస్తారు. చిగురులో సూదిమందు వేసి మొద్దుబారుస్తారు. ఆ మందు లిగ్నోకైన్. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ అనే శాస్త్రజ్ఞుడు తయారు చేశాడు. మన తాతలకు అది లేదు. పట్టకారు, నలుగురు పట్టుకునే మనుషులు మాత్రమే ఉండేవి. పంటి పనంటే మనకున్న భయం చాలావరకు వారి దగ్గర నుంచి వచ్చిన ఆస్తి. ఈనాటి పనికి ఆ భయం అక్కరలేదు. తర్వాత పంటి పైన చిన్న రంధ్రం చేసి, సన్నటి ఫైళ్ళతో – మన ఫైళ్ళు కావు, వెంట్రుకంత ఆకురాళ్ళు – లోపలి చెడ్డ గుజ్జును తీసేస్తారు. 1838లో అమెరికాలో ఎడ్వర్డ్ మేనార్డ్ అనే దంతవైద్యుడు గడియారం స్ప్రింగును అరగదీసి ఇట్లాంటి మొదటి పనిముట్టు తయారు చేశాడని చెబుతారు. కాలువలను మందునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, గట్టాపెర్చా అనే జిగురుతో మూసేస్తారు. తంతి తపాలా శాఖ మిత్రులు వినాలి. ఈ గట్టాపెర్చా మలయా దేశపు చెట్టు పాలనుంచి వచ్చేది. 19వ శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు తొడుగు దీనితోనే వేసేవారు. సముద్రపు నీరు చొరకుండా తీగను కాపాడినది ఇప్పుడు మన పంటి వేరులోకి క్రిమి చొరకుండా కాపాడుతోంది.

పని ఒకటి రెండు సిట్టింగుల్లోనో, చీము ఉంటే మరికొన్నిటిలోనో పూర్తవుతుంది. చివర దవడ పంటికి క్యాపు వేయించుకోవాలి. లేకపోతే బలం తగ్గిన పన్ను నిప్పట్టు కొరికినప్పుడు చీలిపోవచ్చు. చాలామంది మొదటి సిట్టింగులోనే నొప్పి పోయిందని రెండోసారి వెళ్ళరు. తాత్కాలికంగా వేసిన సిమెంటు కొన్ని వారాలకు అరిగి, క్రిములు మళ్ళీ చేరతాయి. ఇక్కడ కూడా మనల్ని మోసం చేసేది నొప్పి లేకపోవడమే. నొప్పి పోయిందని ఎవరూ పెన్షన్ ప్రపోజల్సు సగంలో ఆపరు గదా!

మూడేళ్ళ కిందట కార్తీకమాసంలో నాకూ కింది కుడివైపు పన్ను లేచింది. మిత్రుడు పోయిన తర్వాత గదా, ఆ రాత్రే మా వాడితో చెప్పి, తెల్లవారి మొదటి బస్సుకు తిరుపతి వెళ్ళాను. మొదట చూపించిన క్లినిక్కులో ఎక్స్‌రే కూడా తీయకుండా 'డెబ్బై దాటాయి, పెరికేద్దాం సార్, ఈ వయసులో రూట్ కెనాల్ ఎందుకు' అన్నారు. 'ఈ వయసులో పెన్షన్ ఎందుకని ఎవరూ అడగలేదే' అని లేచి, దంత కళాశాలకు వెళ్ళాను. ఎక్స్‌రే చూసి పన్ను నిలుస్తుందన్నారు. మూడు సిట్టింగులు పట్టింది. సూదిమందు పొడిచినప్పటి చురుకు తప్ప నాకు చెప్పుకోదగిన బాధ లేదు. ఈరోజుకీ ఆ పంటితోనే శెనక్కాయలు తింటున్నాను.

వయసు గురించి అక్కడ తెలుసుకున్నది ఇది. వయసు పెరిగేకొద్దీ పంటి కాలువలు సన్నబడతాయి, అందువల్ల పనికి కొంచెం ఎక్కువ సమయం పట్టవచ్చు. వయసు మీరినంత మాత్రాన పని విఫలం కాదు. పీకక తప్పని పళ్ళూ ఉంటాయి. వేరు నిలువునా చీలినది, చిగురు జబ్బుతో ఎముక వదిలి ఊగేది, క్యాపు నిలబెట్టడానికి పైన ఏమీ మిగలనిది. అట్లాంటిదాన్ని పీకించుకోవడమే మంచిది. నేను చెప్పేదల్లా కారణం పంటిలో ఉండాలి, పుట్టిన తేదీలో కాదు. ఒక దవడ పన్ను పోతే పక్కవి ఒరుగుతాయి, పైది కిందికి దిగుతుంది, నమలడం ఒకవైపే అవుతుంది. రాగిసంగటి మింగవచ్చు గాని, కాయలు, గింజలు, కూరలు మానేసిన ముసలి ఒళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఎక్కడికి వెళ్ళాలి? పన్ను లేపిన రోజే, లేదా మరుసటి రోజే, రిజిస్టరైన దంతవైద్యుని దగ్గరికి. చట్టం ప్రకారం రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్టరు కానివారు ఈ పని చేయకూడదు. గోడమీద సర్టిఫికెట్ చూడటం తప్పేమీ కాదు. ఖర్చు గురించి వెనకాడేవారికి దంత కళాశాలలున్నాయి. తిరుపతి–రేణిగుంట రోడ్డులో ఒకటి ఉంది. రైలెక్కితే చెన్నైలో 1953లో మొదలైన ప్రభుత్వ దంత కళాశాల ఉంది. అక్కడ 'కన్సర్వేటివ్ డెంటిస్ట్రీ అండ్ ఎండోడాంటిక్స్' అనే బోర్డున్న విభాగం అడగండి. చదువుకునే పిల్లలు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. సమయం ఎక్కువ పడుతుంది, ఖర్చు బయటికన్నా తక్కువ. సమయానికి మనకేం కొదవ?

వెళ్ళేటప్పుడు వాడుతున్న మందుల చీటీ మొత్తం తీసుకెళ్ళండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే తప్పక చెప్పండి. వాటిని సొంతంగా మాత్రం ఆపకండి, గుండెకు ముప్పు. ఆపాలో వద్దో ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని చెబుతారు. చక్కెర జబ్బువారు తిని, మందు వేసుకుని, ఉదయంపూట వెళ్ళండి. ఎముకలు గుల్లబారకుండా బిళ్ళలో, ఇంజక్షన్లో తీసుకుంటున్న అమ్మలు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ మందులు వాడేవారికి పన్ను పీకితే కొందరిలో దవడ ఎముక సరిగా మానదు. వారికి రూట్ కెనాల్ మరింత అవసరం.

కాగితాల మాట చెప్పకపోతే నేను గుమాస్తానే కాను. మనకు 1972 నాటి మెడికల్ అటెండెన్స్ రూల్సు ఉన్నాయి, 2013లో వచ్చిన ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు ఉంది. కుర్చీలో కూర్చోకముందే ఆస్పత్రిలో హెల్త్ కార్డుల బల్ల దగ్గర ఆ పని కార్డు కింద వస్తుందా, ఎంతవరకు వస్తుందని అడగండి. బిల్లు మీద పంటి నంబరు వేయించుకోండి. ప్రతి పంటికీ ఒక నంబరుంది. నోటిని నాలుగు భాగాలు చేసి, మధ్యనుంచి లెక్కపెడతారు. కింది కుడివైపు నాలుగో భాగం, అందులో ఆరో పన్ను అంటే 46. నాది అదే. ఎక్స్‌రేలు, రసీదులు ఒక కవర్లో పెట్టి తారీఖు వేయండి. రేపు ఎవరైనా అబ్జెక్షన్ రాస్తే జవాబు మన దగ్గర ఉండాలి.

చివరగా పిల్లలకొక మాట, పెద్దలకొక మాట. అమ్మా, నాయనా, మీ ఇంట్లో పెద్దాయన ఒకవైపే నములుతున్నా, కాఫీ చల్లార్చి తాగుతున్నా, నిప్పట్టు వద్దంటున్నా, వయసు వచ్చిందిలే అనుకోకండి. దగ్గర కూర్చుని నోరు తెరవమని అడగండి. పెద్దలారా, ముప్పయ్యేళ్ళు పైచిలుకు మనం ఇతరుల అర్జీలు తీసుకున్నాము. నోరు తెరిచి అడగనివాడి అర్జీ ఏ ఆఫీసులోనూ నడవలేదు. పిల్లల ఖర్చు పెరుగుతుందని నొప్పిని దాచుకుంటే మిగిలేది డబ్బు కాదు. చిన్న ఖర్చు పెద్ద ఖర్చు అవుతుంది, ఒక్కోసారి ఖర్చుతో తీరనిదీ అవుతుంది. పన్ను నొస్తే ఆ పూటే ఇంట్లో చెప్పండి. నొప్పి ఆగినా సరే వెళ్ళి చూపించుకోండి.